కాగితంలో రాయని అమావాస్య

మొదటి వకీలు దగ్గర నేను సరిగ్గా అరగంట సంతోషంగా ఉన్నాను.

మా అన్నకు తెలిసినవాడని వెళ్ళాను. బీదర్ కోర్టు ఎదురు సందులో, టైపు మిషన్ల చప్పుడు మధ్య, ఆయన కుర్చీలో వెనక్కి వాలి నా కథంతా ఓపికగా విన్నాడు. విన్నాక, "ఫికర్ చెయ్యకు చెల్లె. బిడ్డ పూరా నీకే వస్తది. ఆయన నెలకొక్కపారి దూరంకెళ్ళి చూసి పోయేటట్టు చేస్త" అన్నాడు. ఆ మాట నా చెవుల్లో తేనె పోసినట్టే ఉంది. అప్పుడు కాగితం, కలం తీసుకున్నాడు.

"తాగుతడా?"

"తాగడు."

"కొడతడా?"

"కొట్టడు. అలిగితే మాట్లాడడు, అంతే."

"మాట్లాడకపోతే కోర్టు ఏం జేస్తది చెల్లె? తాగుతడని రాద్దాం. అందరు రాసేదే."

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ మెంతికూర తుంచుతోంది. తల ఎత్తకుండానే, "రాయించు, మంచిగ రాయించు. నీ బిడ్డకు చదువొస్తది గద. రేపు పెద్దగైనంక ఆ కాగజ్ తీసి చదువుకుంటది, మా నాయిన తాగుబోతు అని" అంది. అమ్మ మీద రెండు రోజులు మండిపడ్డాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మూడో రోజు అన్నకు ఫోన్ చేసి ఆ వకీలు వద్దన్నాను.

నా భర్తా నేనూ, మా ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్ళం కాదు. ఈ మాట ఇప్పుడు అనగలుగుతున్నాను కానీ అప్పుడు అనలేకపోయేదాన్ని. ఆయనది చిట్గుప్ప. విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది, ఊరి బయట నాలుగెకరాల చేను ఉంది. నేను బీదర్‌లో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తాను. ఆయనకు కోపం వస్తే పది రోజులు నోరు విప్పడు. నేను పది రోజుల మాటలు ఒక్క గంటలో అనేస్తాను. ఎనిమిదేళ్ళు ఉప్పూ నిప్పూలా కాపురం చేశాం. పెద్దమనుషులు మూడుసార్లు కూర్చోబెట్టి మాట్లాడారు. మూడుసార్లూ బుద్ధిగా తలలు ఊపి, బస్సు ఎక్కేలోపే మళ్ళీ మొదలుపెట్టాం. చివరికి నేను పాపను తీసుకుని బీదర్‌లోనే, చిద్రిలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాను. అమ్మ వచ్చి తోడుగా ఉంది. అలా ఒక ఏడాది గడిచాక విడిపోదామని ఇద్దరం ఒప్పుకున్నాం. మా జీవితంలో గొడవ లేకుండా ఒప్పుకున్న మొదటి విషయం అదేనేమో.

పాప దగ్గర మాత్రం ఒప్పందం కుదరలేదు. దానికి అప్పుడు ఏడేళ్ళు. నాకు అది పూర్తిగా కావాలి. ఎందుకు అంత పట్టు అంటే, నాకు భయం. అక్కడ చేను ఉంది, లేగదూడ ఉంది, అడిగిందల్లా చేసిపెట్టే నాయినమ్మ ఉంది. ఇక్కడ నేను, రెండు గదులు, హోంవర్కు. పిల్ల మనసు ఎటు మొగ్గుతుంది? కొంచెం వదిలితే మొత్తం పోతుందని నా భయం. ఆ భయాన్ని ఎవరికీ చెప్పలేదు. కోపంగా చూపించాను, అదైతే నాకు అలవాటే.

మా ల్యాబులో పనిచేసే ఒక అక్క రెండో వకీలు దగ్గరికి పంపింది. అరవైకి దగ్గరపడిన ఆవిడ. అందరూ వకీలమ్మ అంటారు. చిన్న గది, ఒక ఇనుప బీరువా, బల్ల మీద వేయించిన పల్లీల డబ్బా. నేను కూర్చోగానే ముందు అన్నం తిన్నావా అని అడిగింది. తన ఫీజు ఎంతో, అందులో ఏయే పనులు వస్తాయో, ఏవి రావో అప్పుడే చెప్పేసింది. వకాల్తా కాగితం చేతికిచ్చి, చదివాకే సంతకం పెట్టమంది. "చదువకుండ సంతకం పెట్టేటోళ్ళకు నేను వకీలును గాను" అంది. నాకు ఆవిడ నచ్చింది. ఒక గంటసేపు నా గోడంతా వెళ్ళబోసుకున్నాను. ఆవిడ పల్లీలు ఒలుస్తూ వింది.

"అయిపాయెనా? ఇండ్ల నీ సంగతి ఉంది, ఆయన సంగతి ఉంది. బిడ్డ సంగతి ఏది?"

ఆవిడ బీరువాలోంచి తెల్ల కాగితాలు తీసి నా ముందు పెట్టింది.

"బిడ్డది ఒక్క రోజు రాసుకరా. పొద్దున లేసినకాడికెల్లి పండుకునేదాంక. నీ కష్టాలు రాయొద్దు. ఆయనను గూడ గిట్లనే రాయమంట. ఆయనకు వేరే వకీలు ఉండాలె, నేను నీ వకీలును. ఇద్దరిని నేనే మోస్తే ఎవరికో ఒకరికి అన్యాయం అయితది."

అప్పుడు జాయింట్ కస్టడీ గురించి చెప్పింది. నేను ఆ మాట సినిమా వార్తల్లో విన్నానే తప్ప నాకు దాని తలా తోకా తెలియదు.

"రొట్టె తుంపినట్టు బిడ్డను తుంపుకునుడు గాదు. స్కూలుంటది గాబట్టి ఒక్కకాడ ఎక్కువ దినాలు ఉంటది. కాని ఫైసలాలు ఇద్దరియి. చదువు, దవాఖాన, జిల్లా దాటి తీస్కపోవుడు, ఇద్దరు ఒప్పుకోవాలె. మన చట్టంల ఈ పేరుతోని తయారుగ ఒక పద్ధతి రాసి పెట్టలేదు. మీరిద్దరు రాజీకొచ్చి రాసుకోవాలె. బిడ్డకు మంచిదని జడ్జి సాబ్‌కు అనిపిస్తే ఆర్డర్ల ఎక్కుతది. ఎక్కినంక గూడ రాతి మీద చెక్కినట్టు గాదు. బిడ్డ పెరిగినకొద్దీ మార్చమని అడగొచ్చు."

"నాకు జాయింట్ వద్దు మేడం. నాకు పూరా కావాలె."

"బిడ్డ నీకు కావాల్నా, బిడ్డ మంచిగుండాల్నా? రెండు ఒక్కటే అయితే నువ్వు అదృష్టవంతురాలివి. కాకపోతే ఏది ముందుగాల రాయాల్నో చెప్పు."

ఆ పల్లీ పొట్టంతా తీసి ఆవిడ నెత్తిన పోయాలనిపించింది. పోయలేదు. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

నేను నాలుగు పేజీలు రాశాను. టిఫిన్ డబ్బాలో ఏం పెడతానో, ఏ టీచరు ఏం చెప్పిందో, ఏ టీకా ఎప్పుడు వేయించానో, కన్నడ డిక్టేషన్‌లో ఏ అక్షరాల దగ్గర తప్పు చేస్తుందో, అన్నీ. రాశాక చదువుకుని నన్ను చూసి నేనే మురిసిపోయాను. ఇంత చేసే తల్లిని చూసి ఎవరైనా బిడ్డను ఇచ్చేస్తారు.

కోర్టులోనే మీడియేషన్ గది ఉంది. అక్కడ ఇద్దరు వకీళ్ళు, మేమిద్దరం, మధ్యవర్తిగా ఒకాయన కూర్చున్నాం. నా నాలుగు పేజీలు చదివాక నా భర్త రాసిన కాగితం తీశారు. సగం పేజీ. దుకాణంలో బిల్లులు రాసే చేతిరాత. నేను లోపల నవ్వుకున్నాను. అందులో ఇలా ఉంది:

"నిద్రలో ఒక కాలు దుప్పటి బయట పెడుతుంది. కప్పితే లేస్తుంది. తిను అంటే తినదు. పళ్ళెం పెట్టి పక్కన కూర్చుని మనం ఇంకో దిక్కు చూస్తే తింటుంది. కప్పలంటే భయం, లేదని చెప్తుంది. కోపం వస్తే వాళ్ళమ్మ లెక్కనే అంతా అనేసి గోడ దిక్కు తిరిగి కూర్చుంటుంది. అప్పుడు పిలవొద్దు. కాసేపటికి తనే వస్తుంది."

ఏడేళ్ళుగా ప్రతి పూటా "తిను, తిను" అని నేను దాని వెంట పడుతున్నాను. నా నాలుగు పేజీల్లో పిల్ల చేసే పనులున్నాయి. ఆ సగం పేజీలో పిల్ల ఉంది. ఈ మనిషికి నా సంగతి కూడా ఇంత తెలిసి ఎనిమిదేళ్ళు నోరు విప్పలేదు కదా అని ఆ క్షణంలో కూడా ఆయన మీద కోపమే వచ్చింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. వకీలమ్మ నా వైపు పల్లీల డబ్బా జరిపింది. కోర్టుకు కూడా తెచ్చుకుంటుంది ఆవిడ.

తర్వాత మూడు సిట్టింగుల్లో ఒప్పందం తయారైంది. బడి రోజులు చిద్రిలో నా దగ్గర. రెండో, నాలుగో శనివారం, ఆదివారం చిట్గుప్పలో. దసరా సెలవులు చెరి సగం, ఎండాకాలం సెలవులు చెరి సగం. ఎవరి దగ్గరున్నా రెండోవాళ్ళతో సాయంత్రం ఫోన్. జ్వరం వస్తే వెంటనే చెప్పాలి. పిల్ల ముందు ఒకరినొకరు తిట్టుకోకూడదు. ఈ చివరిది మా వకీలమ్మ నా వైపే చూస్తూ రాయించింది. ఇక పండుగలు. ఉగాది నాకు, దసరా పండుగ రోజు ఆయనకు, దీపావళి ఒక ఏడు అటు, ఒక ఏడు ఇటు. "ఇంకేమన్న పండుగ ఉన్నదా? మంచిగ యాది చేసుకోన్రి" అని వకీలమ్మ రెండుసార్లు అడిగింది. లేదన్నాం. ప్రతి పేజీ మీదా ఇద్దరం సంతకాలు పెట్టాం.

ఆ రోజు నుంచే దాని ప్రకారం నడవడం మొదలుపెట్టాం. విడాకుల అర్జీ ఇద్దరి పేరుతో వేశారు, ఆర్నెల్లు ఆగమన్నారు. ఆర్నెల్ల తర్వాత జడ్జిగారు మా ఇద్దరినీ విడివిడిగా, ఇష్టంతోనేనా అని అడిగారు. పాపను ఎన్నో క్లాసని అడిగారు. అది బడిలో నేర్చిన కన్నడలో క్లాసుతో ఆపకుండా వాళ్ళ టీచరు ఏ ఊరినుంచి వస్తుందో, ఏ బస్సుకు వస్తుందో అంతా చెప్పింది. జడ్జిగారు నవ్వారు. ఆర్డరు వచ్చింది.

రెండో, నాలుగో ఆదివారం సాయంత్రాలు బస్టాండులో పాప కోసం ఎదురుచూసేదాన్ని. ఆయన బస్సు దింపి, బ్యాగు నాకిచ్చి, తలూపి వెళ్ళిపోయేవాడు. ఆటోలో కూర్చోగానే నేను అడిగేదాన్ని.

"ఎట్లుండె?"

"ఏం బాగలే అమ్మా. బోర్. నాయినమ్మ రొట్టెలు గట్టిగుంటయి. సరిగ్గ తినలే."

"అయ్యో నా బంగారం" అని దగ్గరికి తీసుకునేదాన్ని. ఇంటికి పోగానే పూరీలు చేసిపెట్టేదాన్ని. పిల్ల అక్కడ బాధపడిందని తల్లికి బాధ కలగాలి. నాకు కడుపు చల్లగా ఉండేది. పూరీలు ఇంకా బాగా పొంగేవి. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ అదే నిజం.

అలా ఒప్పందం మొదలైన తొమ్మిది నెలలకు ఎళ్ళ అమావాస్య వచ్చింది. మార్గశిరం చివర వచ్చే అమావాస్య. మా బీదర్ వైపు ఆ రోజు ఊళ్ళో మనిషి కనపడడు. అందరూ వండుకున్నది గంపల్లో పెట్టుకుని చేనుకు పోతారు. జొన్న దంట్లతో చిన్న గుడిసె వేసి, అందులో ఐదు రాళ్ళు పెట్టి పూజ చేసి, చేనంతా అన్నం చల్లి, అక్కడే తింటారు. నువ్వులు అద్దిన సజ్జ రొట్టె, రకరకాల ఆకుకూరలూ పచ్చి గింజలూ కలిపి వండిన భజ్జి, కుండలో పులిసిన అంబలి. చేను లేనివాళ్ళను ఉన్నవాళ్ళు పిలుచుకుంటారు. ముందటి ఏడు జ్వరం వచ్చి పాప పోలేదు. ఈ ఏడు అది బుధవారం పడింది. బుధవారం అంటే నా రోజు.

ఆయన ఫోన్ చేశాడు. "ఎళ్ళమాసకు పాపను పంపుతవా?"

"కాగజ్‌ల లేదు" అన్నాను.

"సరే" అని పెట్టేశాడు. గెలిచాననుకున్నాను. పది నిమిషాలకు మా అత్తమ్మ ఫోన్. విడాకులయ్యాక కూడా నన్ను కోడలా అనే పిలుస్తుంది, ఆ పిలుపును ఏ కోర్టూ కొట్టేయలేదు.

"కోడలా, నాకు మీ కాగజ్ సంగతి తెల్వదు బిడ్డా. ఎళ్ళమాసకు చేనుకు రమ్మని పగోళ్ళను గూడ పిలుస్తం గద. నువ్వు గూడ రా."

"చూస్త అత్తమ్మా" అని ఫోన్ పెట్టేశాను. కుదురుగా ఉండలేక, నా హక్కు నాకేనని రూఢి చేసుకోవడానికి వకీలమ్మ దగ్గరికి పోయాను. విషయం వినగానే ఆవిడ కళ్ళద్దాలు తీసి నెత్తి కొట్టుకుంది.

"అయ్యో! ఐదుగురం కూసున్నం గదమ్మా ఆ గదిల! అందరం పుట్టినకాడికెల్లి ఏటేట చేనుకు పోయేటోళ్ళమే. ఒక్కరికన్న యాదికి రాలే!"

"మీరే రెండుసార్లు అడిగిన్రు కద మేడం."

"పండుగా అని అడిగిన. దాన్ని పండుగని ఎవరనుకుంటరు? చేనుకు పోవుడు గద!" అని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వు ఆపుకుని చెప్పింది: "కాగజ్ ప్రకారం పంపకపోతే నీది తప్పు గాదు. కాని మాట కుదరనోళ్ళకే కాగజ్. నీ చేతిల ఉన్న దినం, నువ్వు ఇస్తనంటే వద్దనేటోళ్ళు ఎవరు?"

ఇంటికి వస్తూ ఒక ఉపాయం తట్టింది. పిల్లను పంపను, నేనే తీసుకుపోతాను. అప్పుడు రోజు నాదే, పిల్ల కూడా నా కళ్ళ ముందే ఉంటుంది. ల్యాబులో సెలవు పెట్టి, పొద్దున్నే పాపను తీసుకుని చిట్గుప్ప బస్సు ఎక్కాను. దారంతా పాప నా ఒళ్ళో చెయ్యి పెట్టి కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడికి పోవడం ఇష్టం లేదేమో పాపం అనుకున్నాను.

చేను గట్టు మీద కాలు పెట్టగానే నా చెయ్యి వదిలేసింది.

పూజ అయ్యింది, చల్లడం అయ్యింది. నేను గుడిసె పక్కన అత్తమ్మ దగ్గర కూర్చున్నాను. పాప జొన్న చేనులో ఈ చివర దూరి ఆ చివర తేలుతోంది. వాళ్ళ నాయిన వెంట పడుతున్నాడు. దొరికినట్టే దొరికి తప్పించుకుంటోంది. అప్పుడు నవ్వింది. గొంతు పగిలేలా, ఊపిరి అందనంత నవ్వు. నా బిడ్డకు అలాంటి నవ్వు ఉందని నాకు తెలియదు. వచ్చి అత్తమ్మ ముందు కూర్చుని, ఎవరూ తిను అనకుండానే, భజ్జితో మూడు రొట్టెలు తింది. నాలుగోది చేతిలో పట్టుకుని మళ్ళీ పరుగెత్తింది.

"ఎప్పుడొచ్చినా గిట్లనే కోడలా. పోయేటప్పుడు మూట కట్టియ్యమంటది, బస్టాండుకాడికి పొయ్యేలోపల తినేస్తదట" అంది అత్తమ్మ మురిసిపోతూ.

నా చూపు పాప మీదే ఉంది. అది పరుగెత్తుతూ ఇటు తిరిగి నన్ను చూసింది. నేను తననే చూస్తున్నానని చూసింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. చేతిలో రొట్టె ముక్క వెనక్కి దాచుకుంది. మెల్లగా నడిచి వచ్చి, లంగాకు మూతి తుడుచుకుని, నా పక్కన ఒదిగి కూర్చుంది. ఎవరికీ వినపడకుండా నా చెవిలో చెప్పింది.

"ఏం బాగలేదమ్మా. ఇంటికి పోదామా?"

ఎనిమిదేళ్ళు నిండని పిల్ల తొమ్మిది నెలలుగా నన్ను కాపాడుతోంది. పక్షానికోసారి సంతోషాన్ని ఈ చేనులో వదిలేసి, ఆకలైనట్టు ముఖం పెట్టుకుని బస్సు దిగుతోంది. నాకు పూరీలు చేసే సంబరం దక్కాలని. దాని భయం కూడా నా భయమే. నాకు కావలసిందల్లా నాకు ఇస్తోంది, పూర్తిగా.

"లేదు బిడ్డా. బాగుంది" అన్నాను. "నాకు శానా బాగుంది. రొట్టెలు గూడ గట్టిగ లేవు. నీకు ఇక్కడ మంచిగుంటే మంచిగుందని చెప్పు. నాకు కోపం రాదు."

అది నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నా కోపం దానికి బాగా తెలుసు కదా, నమ్మడానికి సమయం పట్టింది.

"ఒట్టు?"

"ఒట్టు."

అప్పటికి వాళ్ళ నాయిన వెతుక్కుంటూ మా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పాప ఒకసారి ఆయన వైపు చూసి, మళ్ళీ నా చెవి దగ్గరికి వంగింది. ఈసారి గుసగుస కాస్త గట్టిగానే వచ్చింది.

"మరి చిద్రిల బాగుంటదని నాయినకు గూడ చెప్పొచ్చా?"

ఆయన ముఖం చూశాను. ఆ ముఖం నాకు తెలుసు, ఇందాక నాదీ అదే ముఖం. ఆయన మట్టిలోనే మా ఎదురుగా కూలబడ్డాడు.

"చిద్రిల ఏం బాగుండదని, అమ్మ ఊకె కొట్లాడ్తదని చెప్తది నాకు" అన్నాడు నాతో. ఆయన అంత పొడుగు మాట నాతో అని ఎన్నాళ్ళయిందో. తర్వాత పాప వైపు తిరిగాడు. "చెప్పు బిడ్డా."

"చెప్పు" అన్నాను నేను కూడా.

పాప మా ఇద్దరి మధ్యా కూర్చుని, దాచిన రొట్టె ముక్క బయటికి తీసి కొరుకుతూ, ముందు వాళ్ళ నాయినకు మా రెండు గదుల ఇంట్లో ఏమేం బాగుంటాయో చెప్పడం మొదలుపెట్టింది.